నోరు విప్పకుండానే ఇంగ్లిష్ టీచర్

సంపాదకుడు గారికి,

పదో తరగతి పిల్లలు ఇంగ్లిష్‌లో సెలవు చీటీ కూడా రాయలేకపోతున్నారని పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేశారు. శుక్లాల ఆపరేషన్ అయి వెంటనే రాయలేకపోయాను గానీ కోపం మాత్రం తగ్గలేదు. వార్తంతా చదివితే తప్పు పిల్లలదట, కాకపోతే టీచర్లదట. ఆ టీచర్‌ని తయారుచేసి పంపిన చోటు గురించి ఒక్క ముక్క లేదు.

నేను ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పి 2023లో రిటైరయ్యాను. ఏటా మా బడికి బీఈడీ వాళ్లు ఇంటర్న్‌షిప్‌కి వచ్చేవారు. వచ్చేవారంటే, కాగితం మీద. ఎనిమిది పేర్లతో లెటర్ వస్తే మనుషులు ముగ్గురు కనిపించేవారు. మిగతా వాళ్ల తరఫున ఆఖరి వారంలో ఎవరో ఒకరు రికార్డులన్నీ సంచిలో వేసుకొచ్చి "సార్, సంతకాలు" అనేవారు. ఒక ఏడాది తిరగేసి చూస్తే నాలుగు రికార్డుల్లో ఒకే లెసన్ ప్లాన్, ఒకే చేతిరాత, ఆఖరికి స్పెల్లింగ్ తప్పు కూడా ఒకటే, గ్రామర్ చివర 'ఏ' బదులు 'ఈ'! నేను పెట్టనన్నాను. మర్నాడు ఎక్కడి నుంచో ఫోన్ వచ్చింది, హెచ్ఎం గారు "ఎందుకు మాస్టారూ మనకీ గొడవ" అని తనే పెట్టేశారు.

2015 నుంచి బీఈడీ రెండేళ్లు చేశారు కదా, రూల్స్ చదివితే ముచ్చటేస్తుంది. మొత్తం 20 వారాలు బడిలో గడపాలి, క్లాసులకు 80 శాతం హాజరు, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం. మేమేమో 2022 నుంచి పొద్దున్నే ఫోన్‌కి మొహం చూపిస్తే గానీ డ్యూటీలో ఉన్నట్టు కాదు, నెట్ రాకపోతే చెట్టు కింద, గోడ పక్కన ఫోన్ ఎత్తి పట్టుకుని తిరిగేవాళ్లం. కొన్ని బీఈడీ కాలేజీల్లో విద్యార్థి మొహం ప్రిన్సిపాలే చూసి ఉండడు, అక్కడ మాత్రం ఏ యాప్ పనిచేయదు కాబోలు.

నిజంగా వచ్చే పిల్లల సంగతి చెప్పాలి. ఒకమ్మాయి ఒక్కరోజు మానకుండా వచ్చింది. ఎనిమిదో తరగతికి చార్టు కట్టి పాఠమంతా తెలుగులో చెప్పింది. "ఎందుకమ్మా?" అంటే, "సార్, మాకు మెథడాలజీ, అదే ఇంగ్లిష్ బోధించే పద్ధతి, కూడా తెలుగులోనే చెప్పారు. ఇంగ్లిష్‌లో మాట్లాడమని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు, టెన్షన్‌తో నోరు రాదు" అంది. లాంగ్ బెల్ కొట్టాక రోజూ అరగంట కూర్చోబెట్టి పైకి చదివించాను. 'ప్రైస్', 'ప్రైజ్' తేడా తెలియడానికి గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని పలకమన్నాను, రెండోదానికి వేళ్ల కింద గొంతు వణుకుతుంది. "అరె, అవును సార్" అని నవ్వింది. రెండేళ్ల కోర్సులో ఈ అయిదు నిమిషాల పని చేయించేవాడు దొరకలేదు! నాకు ఆ చిట్కా హైదరాబాద్ సీఫెల్ ట్రైనింగ్‌లో నేర్పారు, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారే, అదే. దేశంలో ఇంగ్లిష్ టీచర్లు బాగుపడాలని 1958లోనే పెట్టిన సంస్థ మన పక్కనే ఉంది, మన బీఈడీ కాలేజీలకు మాత్రం అది చంద్రమండలం.

పోనీ ఉద్యోగమిచ్చేటప్పుడైనా చూస్తారా? టీచర్ ఉద్యోగాలకు పెట్టే డీఎస్సీ పరీక్షలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌కి 160 బిట్లు, బిట్టుకి అర మార్కు చొప్పున 80. మిగతా 20 టెట్ అనే అర్హత పరీక్ష వెయిటేజి, అదీ బిట్లే. మౌస్ నొక్కడం వస్తే చాలు, ఒక్క వాక్యం నోటితో పలకకుండా ఇంగ్లిష్ టీచర్ అయిపోవచ్చు. డ్రైవింగ్ లైసెన్స్‌కైనా బండి నడిపి చూపించమంటారండీ!

ఇది నా చాదస్తం అనుకోకండి. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే చెప్పింది, విడిగా నడిచే పదివేలకు పైగా టీచర్ శిక్షణ సంస్థల్లో ఎక్కువ భాగం డబ్బుకు డిగ్రీలు అమ్ముకుంటున్నాయని. ఆ మాటను 2020 జాతీయ విద్యా విధానంలోనూ అచ్చేశారు. అచ్చేసి ఊరుకున్నారు. ఇప్పుడేమో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న వాళ్లు కూడా టెట్ రాయాల్సి వచ్చింది, సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ తీర్పు తర్వాత స్టాఫ్ రూముల్లో అదే గోల. టీచర్‌కి ఎన్ని పరీక్షలైనా పెట్టండి, ఆ కాలేజీలకు ఒక్కటి పెట్టండి. చెప్పకుండా వెళ్లి, హాజరు పట్టీ ముందేసుకుని తలలు లెక్కపెట్టండి చాలు.

2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున నియామకాలు 2025లో గానీ జరగలేదు. 16,347 పోస్టులన్నారు, వాటిలో ఆ అమ్మాయికి ఒకటి రాలేదు. ఇప్పుడు అవనిగడ్డలో కోచింగ్‌లో ఉంది. మొన్న ఫోన్ చేసి, "సార్, వర్డ్స్‌వర్త్ పుట్టింది 1770లోనా, 1772లోనా? బిట్ పడుతుందట" అని అడిగింది. 1772 కోల్‌రిడ్జ్ అమ్మా అని చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్ (ఇంగ్లిష్),
గుంటూరు జిల్లా