బ్యాండు పిల్లల్ని ఎండలో నిలబెట్టకండి, ఊళ్లోకి పంపండి

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు 15 దగ్గరపడింది. మదనపల్లెలో మా ఇంటి వెనకున్న హైస్కూలు మైదానంలో పొద్దున ఏడున్నరకే డ్రమ్ములు మోగుతున్నాయి. వాటిలో ఒక సైడ్ డ్రమ్ము మా మనవరాలిది. తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో 34 ఏళ్లు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఈ ఏడాది ఆ పిల్లలు చేసిన మంచి పని ఒకటి, వాళ్లకు జరిగిన అన్యాయం ఒకటి కళ్లారా చూశాను. రెండూ చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ఏడాది మొదట్లో ఆ బడి బ్యాండులో 22 మంది ఉన్నారు. ఆరు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము, రెండు జతల తాళాలు, నాలుగు బ్యూగిళ్లు (ఊదే చిన్న ఇత్తడి బాకాలు), ఎనిమిది ఫ్లూట్లు, అందరికంటే ముందు కర్ర పట్టుకుని నడిచే అమ్మాయి. నేర్పేది పీఈటీ సారే. సంగీతం చదువుకున్న మనిషి కాదు. తాను ఎన్‌సీసీలో ఉన్నప్పుడు నేర్చుకున్నదే పిల్లలకు నేర్పుతున్నాడు. సాయంత్రం బడి వదిలాక ఓ గంట సేపు ఉంచుకుంటాడు. దానికి ఆయనకు ఒక్క రూపాయి ఎక్కువ రాదు.

మా పాపకు ఇంట్లో డ్రమ్ము లేదు. మొదట్లో స్టీలు పళ్లెం బోర్లించి వాయించేది. మధ్యాహ్నం నాకు కాసేపు కునుకు తీసే అలవాటు. ఆ చప్పుడుకు తల బద్దలయ్యేది. "దిండు మీద వాయించుకోవే తల్లీ" అన్నాను. అప్పటినుంచి రోజూ దిండే డ్రమ్ము. రెండు ఎడమ, రెండు కుడి, మళ్లీ రెండు ఎడమ, రెండు కుడి. నేను పక్కనే పడుకుని నిద్రపోయేదాన్ని. ఆ దిండులో దూదంతా ఇప్పుడు ఒక మూలకు చేరింది.

మా వీధి చివర ఒక వృద్ధాశ్రమం ఉంది. ముప్పైమంది దాకా ఉంటారు. రిటైరయ్యాక వారానికి రెండుసార్లు అక్కడికి పోయి బీపీ, షుగరు చూసి, పుండ్లకు కట్టు మార్చి వస్తుంటాను. అక్కడ అందరికీ నేను సిస్టరమ్మనే. వాళ్లకు ఆదివారమంటే గండం. ఊళ్లో అందరి ఇళ్లకూ చుట్టాలొచ్చే రోజు కదా, పొద్దుటినుంచి గేటు వైపు చూస్తూ కూర్చుంటారు. అందుకే పీఈటీ సార్‌ను నేనే అడిగాను, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకొచ్చి వాయించమని. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

జనవరి 26 వెళ్లిన తర్వాతి ఆదివారం వచ్చారు. ఉతికిన యూనిఫాంలు, తెల్ల గ్లౌజులు, నడుముకు ఎర్ర పట్టీలు. వరండాలో వరసగా నిలబడి మొదలుపెట్టారు. అది రేకుల వరండా. రేకుల కింద ఆరు సైడ్ డ్రమ్ములు, బేస్ డ్రమ్ము ఒక్కసారి మోగితే ఎట్లుంటుందో సారూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. ఒక అవ్వ చెవులు మూసుకుని ఏడ్చింది. వినికిడి మిషన్ పెట్టుకున్న తాత దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు. రెండో పాట మధ్యలోనే పిల్లలు ఆపేశారు. బిస్కెట్లు ఇచ్చి పంపించాం. ఇంటికొచ్చే దారంతా మా పాప తలెత్తలేదు. ముసలివాళ్లకు పెద్ద చప్పుడు ఎంత కష్టమో ముందే చెప్పాల్సింది నేను. ఆ తప్పు నాదే.

ఆ రాత్రి పడుకునే ముందు పాప అడిగింది: "జేజీ, నేను దిండు మీద వాయిస్తే నీకు నిద్ర పడుతుంది కదా? డ్రమ్ము మీద కూడా ఏమన్నా మెత్తగా కప్పితే?"

మర్నాడే సార్‌కు చెప్పింది. మైదానంలో తువ్వాలు తెచ్చి నాలుగు మడతలు వేసి డ్రమ్ము మీద పరిచి చూశారు. సైడ్ డ్రమ్ము అడుగున సన్నటి తీగలుంటాయి. ఆ గరగర చప్పుడు వాటిదే. పక్కనున్న మీట తిప్పితే ఆ తీగలు వదులై, డ్రమ్ముకు బిగించిన పలుచటి షీటుకు తగలకుండా పోతాయి. తీగలు వదిలేసి, పైన తువ్వాలు వేసి వాయిస్తే పక్కింట్లో ఎవరో రోట్లో దంచుతున్నంత మెత్తగా వినిపించింది. తాళాలను ఢీకొట్టడం మానేసి అంచులు మాత్రం తాకించడం నేర్చుకున్నారు. ఈ మెత్తదనం కోసం పిల్లలు రెండు వారాలు కష్టపడ్డారు. గట్టిగా కొట్టడం కంటే మెల్లగా ఒకే లయలో కొట్టడం చాలా కష్టమట. చెయ్యి ఆపుకోవాలి కదా.

రెండోసారి వెళ్లినప్పుడు బేస్ డ్రమ్మును గేటు బయట చింతచెట్టు కింద పెట్టేశారు. అది వాయించే పిల్లవాడు చిన్నబుచ్చుకున్నాడు గానీ, అవ్వలను చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టే పని మొత్తం తనే చేశాడు. ఈసారి ఎవరూ చెవులు మూసుకోలేదు. వాయించడం అయ్యాక ఒక అవ్వ, "మీ కవాతు పాటలు బాగుండాయి గానీ నాయనా, మాకు తెలిసిన పాట ఒక్కటి వాయించండి" అంది. ఆమెది రాజంపేట పక్క పల్లె, అన్నమయ్య పుట్టిన తాళ్లపాకకు నడిచిపోయేంత దూరం. అన్నమయ్య జోలపాట కావాలంది.

బ్యూగిల్ మీద అది పలకదు. దానికి మీటలుండవు, రంధ్రాలుండవు. పెదవుల బిగువును బట్టి మామూలుగా పలికేవి ఐదు స్వరాలే. కాబట్టి ఆ భారం ఫ్లూట్ల మీద పడింది. ఎనిమిదిమంది మూడు వారాలు సాధన చేసి వాయించారు. అవ్వ విని తల అడ్డంగా ఊపింది. "అట్ల గాదు, ఆడ సాగదీయాల" అని తనే పాడి చూపించింది. పిల్లలు మళ్లీ వాయించారు. మళ్లీ కాదంది. నాలుగోసారికి గానీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఎనిమిదిమందినీ దగ్గరికి పిలిచి ఒక్కొక్కరి నెత్తి మీద చెయ్యి పెట్టింది. అవ్వ చెప్పేవరకూ ఆ రాగం ఎక్కడ సాగాలో బడిలో ఎవరికీ తెలియదు.

నర్సును కాబట్టి ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పాట వింటే రోగాలు నయమవుతాయని నేను చెప్పను. నాకు కనిపించింది చెబుతాను. ఆదివారం సాయంత్రం మాత్రలు మింగించడానికి వాళ్లను ఎంతో బతిమాలాల్సి వచ్చేది. ఇప్పుడు మూడున్నరకే మాత్రలు మింగి, తల దువ్వించుకుని, కొంగు సర్దుకుని వరండాలో కూర్చుంటున్నారు. పిల్లలు ఇప్పటికి పదకొండు ఆదివారాలు వెళ్లారు.

ప్రతిసారీ చివర్లో జనగణమన వాయిస్తారు. మా ఊళ్లో ఆ పాట వాయించడమంటే ఒక ప్రత్యేకత ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు ఇక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి విద్యార్థుల మధ్య ఈ పాట పాడారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న ఐరిష్ మహిళ. ఆమె ఆ బాణీకి స్వరాలు రాసిపెట్టారు. పాటకు ఇంగ్లీషు అనువాదం ఠాగూరు ఇక్కడే చేశారు. అప్పటికి అది జాతీయగీతం కాదు. ఆ గౌరవం 1950 జనవరి 24న దక్కింది. పూర్తి గీతానికి 52 సెకన్లు. సార్ వాచీ చూస్తూ వాయిస్తారు. మొదటిసారి ఆశ్రమంలో వాయించినప్పుడు అందరూ గోడలు, కుర్చీలు పట్టుకుని లేచారు. పక్షవాతం వచ్చిన ఒక తాత మంచం మీదినుంచి లేవలేడు. నేను ఆయన కాళ్ల దగ్గర నిలబడ్డాను. దుప్పటి కింద కుడికాలితో ఎడమకాలిని నెట్టి నెట్టి, రెండు పాదాలనూ దగ్గరికి చేర్చుకున్నాడు. అప్పటికి పాట సగం అయిపోయింది. అయినా చేర్చుకున్నాడు.

ఈ బ్యాండులోంచి మార్చిలో ఒక అమ్మాయిని వాళ్ల ఇంట్లో మాన్పించారు. "ఊరూరా తిరిగి మేళం వాయించే ఖర్మ మా పిల్లకేంది?" అన్నారట. ఈ మాట నన్ను చాలా బాధపెట్టింది. డోలు, సన్నాయి లేనిదే మన ఇంట్లో తాళి కట్టం. డప్పు లేనిదే జాతర జరగదు. అయినా ఆ వాయించే చేతులను మాత్రం తక్కువగా చూస్తాం. అదే నెలలో సైడ్ డ్రమ్ము షీటు ఒకటి చినిగితే, పిల్లలు బస్టాండు దగ్గరున్న పెళ్లి బ్యాండు ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. షీటు ఖరీదు మాత్రం తీసుకుని పని ఉచితంగా చేశాడు. బోల్టులు వరసగా బిగించకూడదు, ఎదురెదురువి జతగా బిగించాలి, లేకపోతే షీటు ఒక పక్కకు లాగి చినుగుతుంది అని దగ్గర కూర్చోబెట్టుకుని చూపించాడు. సార్‌కు కూడా అప్పుడే తెలిసిందట. ఆ రోజునుంచి పిల్లలు ఆయన్ని ఎక్కడ చూసినా "అన్నా" అని పలకరిస్తారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మనసు మార్చుకుని తిరిగి పంపితే బాగుండును. ఆమె డ్రమ్ము ఇప్పటికీ ఖాళీగా ఉంది.

ఇక అన్యాయం సంగతి. ఏప్రిల్‌లో ఒక పెద్దమనిషి ఏదో ప్రారంభోత్సవానికి వస్తున్నారని ఈ పిల్లల్ని స్వాగతానికి తీసుకుపోయారు. తొమ్మిదింటికల్లా రోడ్డు పక్కన నిలబెట్టారు. నీడ లేదు. ఆయన వచ్చేసరికి పన్నెండున్నర. మర్నాడు లెక్కల పరీక్ష అని పిల్లలకు ఒకటే టెన్షన్. పదకొండున్నరకు కర్ర పట్టుకునే అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. మా పాప ఎవరి ఫోనో అడిగి నాకు చేసింది. నేను ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, నీళ్లు తీసుకుని ఆటోలో పోయాను. ఆ పిల్ల గ్లౌజులు తీస్తే చేతులు చెమటకు నానిపోయి ముడతలు పడి ఉన్నాయి. పొద్దున ఏమి తిన్నావమ్మా అంటే, త్వరగా రమ్మన్నారని తినలేదు అంది. అంతసేపు నిలబడిన పిల్లలు వాయించింది కార్లు దాటిపోయినంత సేపు, రెండు నిమిషాలు కూడా లేదు. ఆ కార్ల అద్దాలు మూసే ఉన్నాయి.

నేను ఎవరి పేరూ చెప్పడం లేదు. ఇది ఒక్క మా ఊరి సంగతి కాదని ఈ ఉత్తరం చదివే ఏ బ్యాండు సారైనా చెబుతారు. జెండా పండుగలకు పిల్లలు వాయించాలి, అది వాళ్లకూ గర్వమే. కొన్నేళ్లుగా కేంద్ర విద్యాశాఖ, రక్షణశాఖ కలిసి రిపబ్లిక్ డే సమయంలో జాతీయ స్థాయిలో పాఠశాలల బ్యాండు పోటీలు పెడుతున్నాయి. మా పిల్లలు కూడా ఏదో ఒక ఏడు ఢిల్లీ దాకా పోవాలని నా కోరిక. కానీ వ్యక్తుల స్వాగతాలకు, ఊరేగింపులకు బడి బ్యాండును పిలవకూడదని విద్యాశాఖ స్పష్టంగా ఆదేశం ఇవ్వాలి. మాటల్లో కాదు, కాగితం మీద ఇవ్వాలి. లేకపోతే ఏ హెడ్మాస్టరు కాదనగలరు? పైనుంచి ఫోను వస్తే పంపాల్సిందే కదా.

అలా మిగిలిన సమయాన్ని ఊరికి ఇవ్వొచ్చు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఏడాదిలో పది రోజులు పుస్తకాల సంచి లేని రోజులుండాలని చెప్పింది. అందులో రెండు మూడు రోజులు బ్యాండు పిల్లలు వృద్ధాశ్రమానికో, ప్రభుత్వాసుపత్రికో, అంగన్‌వాడీకో పోవచ్చు. ఆసుపత్రికి పోతే మాత్రం ముందు వార్డు సిస్టర్‌ను అడిగి, ఆవరణలో చెట్టు కింద వాయించాలి. ఆపరేషన్ అయిన మనిషి పక్కన డ్రమ్ము వద్దు. బయట ఎదురుచూస్తూ కూర్చునే రోగుల బంధువులు వింటే చాలు, వాళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు.

డబ్బు సంగతి కూడా చూడాలి. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద ఆటల సామాన్లకు హైస్కూలుకు ఏడాదికి 25 వేల రూపాయల వరకు ఇచ్చే వీలుంది. అట్లాగే బ్యాండు మరమ్మతులకు కూడా కొంత కేటాయించాలి. ఇప్పుడు మా బడిలో షీటు చినిగితే సార్ జేబులోంచో, తల్లిదండ్రుల చందాలోంచో పోతోంది. ఎనిమిది ఫ్లూట్లలో రెండు పగిలితే టేపు చుట్టి వాయిస్తున్నారు. ఇళ్లలో వాడకుండా పెట్టెల్లో పడి ఉన్న ఫ్లూట్లు, క్లారినెట్లు ఉంటే దగ్గర్లోని సర్కారు బడికి ఇవ్వమని మీ పాఠకులను వేడుకుంటున్నాను.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి పిల్లలు మళ్లీ వెళుతున్నారు. బేస్ డ్రమ్ము పిల్లవాడు ఆరు నెలలుగా కుర్చీలే సర్దుతున్నాడు. మొన్న మా ఇంటికొచ్చి ఆ పాత దిండులోని దూది అడిగాడు. కర్ర కొనకు దూది పెట్టి, పైన పాత చీర గుడ్డ చుట్టి, దారంతో కట్టాడు. ఆశ్రమం వరండాలో రెండు దెబ్బలు కొట్టి చూపించాడు. అవ్వ విని, సరే, ఈసారి లోపలికి తెచ్చుకోమంది.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
మదనపల్లె