నోటీసు ఒకరికేనా?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ ఉద్యోగాల పేజీలో, రాజీనామా ఇచ్చాక పనిలో ఉండాల్సిన నోటీసు పీరియడ్ పూర్తి చేయడం ఉద్యోగి సంస్కారమని బోధిస్తూ వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాయమంది మా ఆవిడ. వారమైంది, తగ్గలేదు.

మావాడు 11 నెలలు చేసిన ఉద్యోగానికి రాజీనామా ఇస్తే 90 రోజులు ఉండి తీరాలన్నారు. నేను ప్రభుత్వోద్యోగంలో స్వచ్ఛంద విరమణకు మూడు నెలల నోటీసిచ్చినవాణ్ణే, కానీ అది ఇరవై ఏళ్లు దాటిన సర్వీసుకు! మావాడు పని అప్పగించడం పది రోజుల్లో అయిపోయింది. మిగతా రోజుల జీతం కట్టేస్తాను, వదిలేయండన్నాడు. అది యాజమాన్యం ఇష్టమట. రోజూ లాగిన్ అయి ఊరికే కూర్చున్నాడు. కొత్త కంపెనీ వాళ్లు ఆగారు కాబట్టి సరిపోయింది, అందరికీ ఆగరు కదా.

అదే ఆఫీసులో అదే నెలలో కొందరిని పొద్దున పిలిచి తీసేశారు. మధ్యాహ్నానికి లాప్‌టాప్‌లు లాక్. నోటీసు బదులు జీతం ఇచ్చాం కదా అంటారు. మరి మావాడు అదే జీతం కడతానంటే ఎందుకు చెల్లలేదు? ఏడాది నిండిన కార్మికుణ్ణి రిట్రెంచ్ చేయాలన్నా, అంటే అదనపు సిబ్బంది అని తీసేయాలన్నా, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నోటీసు కింద యజమానిని మామూలుగా అడిగింది నెల నోటీసో, నెల జీతమో. దాని స్థానంలో వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అంతే. మనిషిని బలవంతంగా పనిలో కూర్చోబెట్టే ఉత్తర్వు కోర్టులు కూడా ఇవ్వవు. అందుకే వీళ్లు, పని నుంచి విడిచిపెట్టామని రాసిచ్చే రిలీవింగ్ లెటర్ పట్టుకుని బెదిరిస్తారు.

ఇక వెళ్లేటప్పుడు బాకీ తేల్చే సెటిల్‌మెంట్. రాజీనామా చేసినా, తీసేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఆర్ మేడమ్‌ని అడిగితే 'మా పాలసీ 45 రోజులు సార్' అన్నారు. పార్లమెంటు కన్నా పాలసీ పెద్దదన్నమాట. లేబర్ ఆఫీసుకు వెళ్తే సాఫ్ట్‌వేర్ వాళ్లు మా కిందికి రారేమో చూడాలన్నారు. ఎవరు చూడాలో చెప్పలేదు. చట్టాలు చేయడంలో ఉన్న హుషారు, వాటిని చదవడంలో మన అధికారులకు ఎప్పుడుంది కనుక!

సంస్కారం గురించి మళ్లీ వ్యాసం వేస్తే, దయచేసి కంపెనీల సంస్కారం మీద వేయించండి. మూడు నెలలు ఆపి ఇచ్చిన ఆ రిలీవింగ్ లెటర్‌లో మావాడి పేరు తప్పు పడింది. దిద్దడానికి 15 పనిదినాలు పడుతుందట.

— ఒక విశ్రాంత ఉద్యోగి