పాత్రల ప్రత్యేక విద్యలు: మన ఆటల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం శ్రమలో ఎక్కువ భాగం ఒకే ఒక్క నియమానికి పోయింది: పాత్రకు బాగా తెలిసిన విద్యకు ఆటలో విలువ ఎలా ఇవ్వాలన్నది. అందుకే ఈ నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతా సంగతులు ముందుగా చెప్పేస్తాను. వానాకాలంలో రెండు ఆదివారాలు తప్ప మూడు బల్లల మీదా ఆట ఆగలేదు. అంకెలు అరిగిపోయిన పాచికలను పక్కన పెట్టి కొత్తవి కొన్నాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సభ ముందు ఉంచుతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కలిసి కథ నడిపే ఆట; ఐదో ఎడిషన్, 2014 నాటి నియమాలతో. అందులో నైపుణ్యాలు 18. ఒక నైపుణ్యంలో శిక్షణ ఉన్న పాత్రకు, ఇరవై ముఖాల పాచిక మీద పడిన అంకెకు మొదటి లెవెల్లో 2 కలుస్తుంది. పదిహేడో లెవెల్‌కు చేరేసరికి ఆ 2 కాస్తా 6 అవుతుంది. కొత్తగా వచ్చినవారికి పది నిమిషాల్లో చెప్పేయగలిగేంత తేలిక. ఆ తేలికదనం వల్లనే మన బల్లలు నిండుతున్నాయి, దాన్ని పోగొట్టుకోవాలని ఎవరికీ లేదు. కానీ గత ఉగాది తర్వాత రెండో బల్ల దగ్గర జరిగిన ఒక చిన్న ఘటన అందరినీ ఆలోచనలో పడేసింది.

ఒక సభ్యురాలి పాత్ర డ్రూయిడ్, అంటే ప్రకృతి నుంచి మంత్రశక్తి పొందే పాత్ర. అడవిలో పుట్టి, ఏ ఆకు పసరు ఏ గాయానికి పనికొస్తుందో ఎరిగిన మనిషి. దారిలో ఒక పుట్టగొడుగుల గుంపు కనిపించింది. తినదగినవా, విషమా? ప్రకృతి జ్ఞానం పరీక్ష, కష్టం అంకె 15, అంటే పాచిక అంకె, కలిసేవి అన్నీ కలిపి 15కు చేరాలి. పాత్రకు తెలివి, వివేకం లాంటి సామర్థ్యాలకు అంకెలు ఉంటాయి, వాటిని బట్టి పాచిక అంకెకు కొంత కలుస్తుంది లేదా తగ్గుతుంది. ఆ నైపుణ్యం వివేకంతో కాక తెలివితో ముడిపడి ఉంటుంది. డ్రూయిడ్‌కు తెలివి 8 కనుక ఒకటి తగ్గి, శిక్షణకు రెండు కలిసి, చివరికి మిగిలింది 1. పాచిక మీద 14 లేదా అంతకంటే పైన పడాలి, అంటే 35 శాతం అవకాశం. పక్కన కూర్చున్న మంత్రగాడు అడవి ముఖమే చూడలేదు, ప్రకృతి జ్ఞానంలో శిక్షణా లేదు. తెలివి 16 కావడంతో అతనికి ఊరికే 3 కలుస్తుంది, 12 పడితే చాలు. అవకాశం 45 శాతం. ఆమె పాచికకు ఏడు పడింది, అతనికి పదహారు. మంత్రగాడు పుట్టగొడుగుల గురించి డ్రూయిడ్‌కు పాఠం చెప్పాడు. ఆ సభ్యురాలు ఫిర్యాదు చేయలేదు. పాత్ర వివరాలుండే క్యారెక్టర్ షీట్ మీద మూడు పేరాల్లో రాసుకున్న తన పాత్ర గతాన్ని మాత్రం చేత్తో మూసుకుని కూర్చుంది.

దీనికి హౌస్ రూల్, అంటే మన బల్లలకు మనమే పెట్టుకునే నియమం, కావాలని అందరూ ఒప్పుకున్నారు. ఎలాంటిదన్న దగ్గరే ఏడాది పట్టింది.

ముందు ఇతర ఆటలు ఏం చేశాయో కలిసి చదువుకున్నాం. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 1974 నాటి తొలి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో నైపుణ్యాల జాబితాయే లేదు. మరుసటి ఏడాది దొంగ పాత్ర వచ్చింది, తాళం తీయడానికీ చప్పుడు కాకుండా నడవడానికీ శాతాలు పుట్టాయి. దాంతో చిత్రమైన చిక్కు వచ్చిపడింది. అంతకుముందు ఎవరైనా మెల్లగా నడిచే ప్రయత్నం చేసేవారు. దొంగ షీట్ మీద అది అంకెగా ఎక్కాక, అది దొంగకే చెందిన విద్య అనుకోవడం మొదలైంది. ఒకరికి పేరు పెట్టి ఇచ్చింది, చెప్పకుండానే మిగిలినవారి నుంచి తీసుకున్నట్టయింది. మా చర్చలన్నిటికీ ఈ సంగతే గీటురాయి అయింది. షాడోరన్, వాంపైర్ లాంటి ఆటల్లో ఒక నైపుణ్యంలో ప్రత్యేక శాఖ ఎంచుకున్నవారి గుప్పిట్లోకి అదనపు పాచికలు వస్తాయి. అక్కడ గుప్పెడు పాచికలు వేస్తారు కాబట్టి ఒకటి రెండు ఎక్కువైనా ఇమిడిపోతాయి. మనది ఒక్క పాచిక మీద నడిచే ఆట, ఆ పద్ధతి నేరుగా అతకదు.

మొదటి ప్రయత్నంలో, పాత్ర ఎంచుకున్న ప్రత్యేక శాఖలో పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోమన్నాం. డ్రూయిడ్ 35 శాతం కాస్తా 58కి దగ్గరయింది. బాగానే ఉందనుకున్నాం. నెల తిరగకుండానే లోపం బయటపడింది. ఈ ఆటలో తోటివారు చేయి వేసినా వచ్చే ఫలితం ఇదే, రెండూ కలిసినా మూడో పాచిక రాదు. దాంతో విద్య తెలిసినవారికి సాయపడటమే వృథా అయింది. ఒకరి గాయానికి కట్టు కడుతుంటే దీపం పట్టుకుని నిలబడే మనిషికి కూడా ఆటలో విలువ ఉండాలి. నియమాన్ని వెనక్కి తీసుకున్నాం.

రెండోసారి శిక్షణ అంకెను రెట్టింపు చేశాం. నిజం చెప్పాలంటే ఇది తొందరపాటు. ఆ రెట్టింపు మొదటి లెవెల్లోనే రోగ్ (ఇప్పటి ఆటలో దొంగ) పాత్రకు దక్కే సొత్తు, మూడో లెవెల్లో గాయక పాత్ర అయిన బార్డ్‌కు దక్కేది. అందరికీ పంచేసరికి ఏడాదిన్నరగా రోగ్‌గా ఆడుతున్న సభ్యుడికి తన పాత్రలో ప్రత్యేకత ఏముందో తెలియకుండా పోయింది. ఆయన ఆ మాట ఎంతో మర్యాదగా అన్నారు. అందరి ఎదుట ఆయనకు క్షమాపణ చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

ఇప్పుడు మూడు బల్లల మీదా అమల్లో ఉన్నది మూడో రూపం. పాత్ర తయారయ్యేటప్పుడు, శిక్షణ ఉన్న ఏదో ఒక నైపుణ్యంలో ఒక ఇరుకైన శాఖను ఎంచుకోవాలి. అది ఆ పాత్ర బతికిన బతుకులోంచి రావాలి. ఆ శాఖకు చెందిన విషయమైతే కష్టం 15 వరకు పాచిక అక్కర్లేదు, పాత్రకు తెలుసు, అంతే. 15 దాటితే పాచిక వేయాలి. అప్పుడు ఆ నైపుణ్యానికి రాసి ఉన్న సామర్థ్యం బదులు పాత్ర తనకు తగిన మరో సామర్థ్యాన్ని వాడుకోవచ్చు. ఇలా మార్చుకునే వీలు మూల నియమాల్లోనే ఐచ్ఛికంగా ఉంది, మనం కొత్తగా కనిపెట్టలేదు. మన డ్రూయిడ్ వివేకం 16. కష్టం 20 ఉన్న ప్రశ్నకు ఆమె అవకాశం 10 శాతం నుంచి 30కి పెరిగింది. తెలుసుకోవడానికే ఈ మినహాయింపు. గోడ ఎక్కడం, తాళం తీయడం లాంటి చేతలకు అందరిలాగే పాచిక వేయాలి. శాఖ లేనివారికి పాత నియమమే వర్తిస్తుంది, వారి ముందు ఏ తలుపూ మూయలేదు.

ఈ నియమం నాకు ఎందుకు నచ్చిందో చెప్పడానికి మూడో బల్ల దగ్గర చూసిన ఒక్క సాయంత్రం చాలు. ఆ బల్ల వారి ఊహాలోకం కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల నమూనాలో అల్లుకున్నది. అందులో ఒక పాత్ర నీరటి కూతురు. ఆంధ్ర ప్రాంతం సభ్యులు నీరుగంటి అంటారు, చెరువు తూము తెరిచి పొలాలకు నీళ్లు వదిలే మనిషి. ఆమె శాఖ ‘చెరువు కట్ట’. వాన జోరుగా కురుస్తున్న రాత్రి కట్ట అడుగున నీరు ఊరుతోందని ఆట నడిపేవారు చెప్పారు. యోధుడు కత్తి దూశాడు, మంత్రగాడు మంత్రాల పట్టిక తిరగేశాడు. ఆ సభ్యురాలు ఒకే ప్రశ్న వేసింది: “ఊరేది తేట నీరా, మట్టి నీరా?” మట్టి నీరన్నారు. “అయితే లోపల కట్ట కోసుకుపోతోంది. తేట నీరైతే తెల్లారేదాకా ఆగొచ్చు, ఇది ఆగదు. ఊరిని లేపండి” అంది. పాచిక బల్ల మీద కదలకుండా ఉంది. ఆ తర్వాత గంటసేపు మిగతా అందరూ బస్తాలు మోయడానికీ, ఊరివాళ్లను ఒప్పించడానికీ, చీకట్లో దారి వెతకడానికీ పాచికలు వేస్తూనే ఉన్నారు. ఆమెకు తెలిసింది కాబట్టి అందరికీ పని దొరికింది.

శాఖ ఎంత ఇరుకుగా ఉండాలన్నది ఇంకా తేలలేదు. ‘అడవి’ అంటే మరీ విశాలం, తిరస్కరించాం. ‘పాము కాటు వైద్యం’ సరిపోయింది. ‘రాజుల చరిత్ర’ అడిగినవారిని ఒక్క వంశానికి పరిమితం కమ్మన్నాం, ఆయన ఇంకా అలిగే ఉన్నారు. ఆయన వాదనలో కొంత న్యాయం ఉందని నా అభిప్రాయం, సభలో మళ్లీ చర్చకు పెడతాను. 1978 నాటి మరో ఆట రూన్‌క్వెస్ట్‌లో, ఆటలో సఫలంగా వాడిన నైపుణ్యానికే గుర్తు పెట్టుకుని తర్వాత పెంచుకుంటారు. అదే తీరులో, వాడుతూ వచ్చిన శాఖ కొంతకాలానికి విస్తరించే పద్ధతిని వచ్చే ఏడాది ఒక బల్ల మీద పరీక్షిద్దామని ప్రతిపాదన వచ్చింది. దానికి నా మద్దతు ఉంది.

చివరగా తెలుగు షీట్ సంగతి. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందికి వచ్చింది. మూలం పేర్కొంటే చాలు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు. పద్దెనిమిది నైపుణ్యాల్లో పదహారింటికి పేర్లు కుదిరాయి: హస్తలాఘవం, బుకాయింపు, బెదిరింపు, నక్కి నడవడం లాంటివి నోటికి ఇట్టే పడుతున్నాయి. తేలనివి రెండే. చుట్టూ జరిగేది చూసి విని గ్రహించడానికి ‘కనిపెట్టడం’ అని కొందరు, ‘పసిగట్టడం’ అని కొందరు అంటున్నారు. ఎదుటివారి మనసులోని మాట తెలుసుకోవడానికి కూడా అదే ‘పసిగట్టడం’ కావాలని మొదటి బల్ల పట్టుబడుతోంది. సభకు వచ్చేటప్పుడు మీ మాట కాగితం మీద రాసి తీసుకురండి, ఆ రోజే తేల్చి షీట్లు అచ్చుకు ఇస్తాం.

కార్యదర్శి