మెషిన్ సంగతి తర్వాత, ముందు బాబాయ్ గారి పుస్తకాలు చూడు

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ నిన్న రాత్రే చూశా కానీ ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదని ఆగాను, ఇవాళ సెలవు కదా, తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. బాబాయ్ గారికి రెండో కంటి ఆపరేషన్ కూడా బాగా జరిగిందంటే ప్రాణం లేచొచ్చిందిరా. మన టెన్త్ రోజుల్లో తెనాలిలో మీ అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని, కరెంటు పోతే లాంతరు పక్కన పెట్టుకుని మరీ చదివేవారు, ఆ మనిషి ఏడాదిగా పుస్తకం ముట్టుకోలేదంటే నాకే ఏదోలా ఉంది. కాబట్టి ఇది మనం సరిగ్గా చెయ్యాలి.

నువ్వడిగింది బాబాయ్ గారికి ఏ ఈ-రీడర్, అంటే ఈ-పుస్తకాలు చదివే మెషిన్, కొనమంటావని. నేను అడిగేది, ఆయన చదవబోయేవి ఏ రకం ఫైళ్ళు అని. ఎందుకంటే మా అమ్మ విషయంలో నేను తిరగేసి చేశా. మూడేళ్ళ కింద ఆరంగుళాల రీడర్ ఒకటి కొని, దొరికిన తెలుగు పీడీఎఫ్‌లు నలభై దాకా దాంట్లో వేసి చేతిలో పెట్టా. అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, కళ్ళజోడు పైకీ కిందకీ జరుపుకుంటూ, "ఇది విడు నా, వీడు నా రా" అని అడిగింది. రెండు పేజీలు చదివి సొరుగులో పెట్టేసింది. ఆ రోజు ఎంత బాధేసిందో.

తప్పు ఎక్కడుందో తర్వాత స్కేలు పెట్టి కొలిస్తే తెలిసింది. మన తెలుగు నవలలు చాలామటుకు డెమ్మీ సైజు, అంటే పేజీ సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు. ఆరంగుళాల స్క్రీన్ అంటే ఆ ఆరు మూల నుంచి మూలకి, అసలు వెడల్పు 3.6, పొడవు 4.8 అంతే. పేజీ మొత్తం అందులో ఇరికిస్తే 12 పాయింట్ల అక్షరం 7 కంటే చిన్నదైపోతుంది. ఇంగ్లీష్ అయితే కళ్ళు చికిలించి ఎలాగోలా లాగేయొచ్చు, మన అక్షరాలకి అలా కుదరదు కదరా, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక, ద కీ ధ కీ తేడా కింద ఒక గీత, థ లో అయితే ఒక చుక్క, కింద వత్తు ఉంటే అది ఇంకా చిన్నది. సైజు తగ్గితే ముందు పోయేవి ఇవే. పీడీఎఫ్ అంటే అచ్చు పేజీకి ఫోటో లాంటిది, పెద్దది చేస్తే పేజీ అంతా పెరిగి పక్కకి జరుపుకుంటూ చదవాలి.

ఈపబ్ అనే ఇంకో రకం ఈ-పుస్తకం ఫైల్ ఉంది, అది అలా కాదు. దాన్ని విప్పి చూస్తే లోపల ఉండేది వెబ్ పేజీల లాంటివే, అన్నీ కలిపి జిప్ చేసి ఉంటాయి. అక్షరం పెద్దది చేస్తే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి, పేజీలు పెరుగుతాయి అంతే. ఆపరేషన్ అయిన కళ్ళకి కావలసింది ఇదే.

మరి తెలుగులో ఈపబ్‌లు ఎక్కడున్నాయి అంటావు. అక్కడే ఉంది మన తిప్పలంతా. బాబాయ్ గారి పెన్‌డ్రైవ్‌లో ఉన్న పీడీఎఫ్‌లు ఒక్కోటీ తెరిచి, ఏదైనా మాట మీద వేలు నొక్కి పట్టి, కాపీ చేసి, నాకు వాట్సాప్‌లో పేస్ట్ చెయ్యి. మాట సెలెక్టే కాకపోతే అది స్కాన్, వట్టి బొమ్మ. సెలెక్ట్ అయ్యి, పేస్ట్ చేస్తే ఇంగ్లీష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తే అది అను ఫాంట్ల లాంటి పాతకాలం ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కట్టింది, పైకి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల యూనికోడ్, అంటే అన్ని మెషిన్లకీ అర్థమయ్యే అక్షరాల పద్ధతి, కాదు, దాన్ని ఈపబ్ చేస్తే ఆ పిచ్చి గుర్తులే పుస్తకమంతా వస్తాయి. (అలా ఒక రాత్రంతా ఫైళ్ళ రకం మార్చే క్యాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని, అమ్మకిష్టమైన కథల పుస్తకం పాడు చేసుకున్నా.) తెలుగే వచ్చినా వత్తులూ గుణింతాలూ అటూ ఇటూ ఎగిరిపోతే అదీ నేరుగా పనికిరాదు.

నేరుగా పనికొచ్చేవి కావాలంటే ముందు తెలుగు వికీసోర్స్‌కి వెళ్ళు. కాపీరైట్ తీరిన పుస్తకాలు జనాలు కూర్చుని అక్షరం అక్షరం సరిచూసి పెట్టారు, డౌన్‌లోడ్ నొక్కితే ఈపబ్ వచ్చేస్తుంది. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళు దాటితే ఆ రచన అందరిదీ, వీరేశలింగం గారు పోయింది 1919లో, ఆ తరం వాళ్ళవన్నీ హాయిగా చదువుకోవచ్చు. గ్రూపుల్లో తిరిగే ఇప్పటి వాళ్ళ పుస్తకాల స్కాన్లు మాత్రం వద్దురా. తెలుగులో రాసి బతికేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, వాళ్ళవి కొనుక్కుందాం.

ఆయనకి మరీ ఇష్టమైన పాత పుస్తకం స్కానే ఉంటే, చిన్న ముక్కలు చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరువు, తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. బాగానే చేస్తుంది కానీ మ ని వు అనీ, ఘ ని ఫు అనీ పొరబడుతుంది, ఒకసారి మనం చదివి దిద్దాల్సిందే. ఒకటో రెండో అయితే చేద్దాం, సగం నాకు పంపు.

ఇప్పుడు మెషిన్. అమెజాన్ వాళ్ళ కిండిల్‌కి నేరుగా కేబుల్‌తో ఈపబ్ వేస్తే తెరవదు, సెండ్ టు కిండిల్ అనే వాళ్ళ సర్వీస్‌తో పంపితే తీసుకుంటుంది, లేదా క్యాలిబర్‌లో ఏజడ్‌డబ్ల్యూ3 అనే కిండిల్ రకం ఫైల్‌గా మార్చుకుని వేసుకోవాలి. వాళ్ళ స్టోర్లో 2016 చివర్లో ఐదు భారతీయ భాషలు మొదలుపెట్టారు, హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అందులో మన భాష లేకపోవడం నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. కోబో కంపెనీ రీడర్ అయితే ఈపబ్ అలాగే తెరుస్తుంది. రెండింట్లోనూ ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో మండలి, నోటో తెలుగు లాంటి తెలుగు ఫాంట్లు వేసుకోవచ్చు. బూక్స్ లాంటి కంపెనీల రీడర్లు ఆండ్రాయిడ్ మీద నడుస్తాయి, నీకు నచ్చిన రీడింగ్ యాప్ వేసుకోవచ్చు, బ్యాటరీ మాత్రం మిగతావాటిలా వారాలు రాదు.

నా మాట అడిగితే, బాబాయ్ గారి దగ్గర సగానికి పైగా స్కాన్లే ఉంటే 10.3 అంగుళాల ఆండ్రాయిడ్ రకం తీసుకో. ఆ స్క్రీన్ సుమారు 6.2 కి 8.3, అంటే డెమ్మీ పేజీ దాదాపు అచ్చు పుస్తకంలో ఉన్న సైజులోనే కనిపిస్తుంది, అంచులు కత్తిరించే సెట్టింగ్ పెడితే ఇంకొంచెం పెద్దదే. ఖరీదు ఎక్కువే, బరువూ 400 గ్రాముల అటూ ఇటూ, చిన్నవైతే 160-175 ఉంటాయి. కానీ ఆయన చదివేది పడక్కుర్చీలో, ఒళ్ళో దిండు పెట్టుకుంటే సరిపోతుంది. స్కాన్లు తక్కువైతే ఏడంగుళాలది చాలు. కలర్‌ది వద్దు, రంగుల కోసం పైన ఇంకో పొర ఉంటుంది, దాంతో తెలుపు కాస్త మసగ్గా ఉంటుంది, ఆయన చదివేవి ఎలాగూ నలుపు తెలుపే.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. డబ్బులు కట్టే ముందు తెలుగు ఫైల్ అందులో తెరిచి చూడాలి. దానికోసమే ఒక చిన్న ఈపబ్ చేసి నీకు మెయిల్ చేశా, అందులో రాష్ట్రం, స్వాతంత్ర్యం, జ్యోత్స్న, సాఫ్ట్‌వేర్ లాంటి మాటలే ఉన్నాయి. వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన విడిగా నిలబడినా, సాఫ్ట్‌వేర్ మధ్యలో చిన్న డబ్బా కనిపించినా, అక్కడ పెట్టేసి వచ్చెయ్. తెలిసినవాళ్ళ దగ్గర ఏదైనా ఉంటే అడిగి చూడు, ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు చూసుకుని తెప్పించు.

పెన్‌డ్రైవ్‌లో ఏమున్నాయో ఆదివారం లోపు పంపు, ఏవి ఏ రకమో నేను విడదీసి పెడతా. బాబాయ్ గారికి నా నమస్కారాలు చెప్పు, ముందు ఏ పుస్తకం చదువుతారో అడిగి నాకు చెప్పు, దాంతోనే మొదలెడతా. పిన్నిని అడిగానని చెప్పు.

ఉంటా మరి.