జున్నుకి టీకాలు పూర్తయ్యాయి, పేరుపేరునా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. రాజమండ్రి దానవాయిపేటలో మా వీధి చివర టిఫిన్ బండి పక్కన పడుకునే జున్ను మీలో చాలామందికి తెలుసు. నిన్నటితో దాని టీకాలు పూర్తయ్యాయి. జులై 6న మొదలైన పని సెప్టెంబరు రెండో వారానికి ఒక కొలిక్కి వచ్చింది. ఈ రెండు నెలల్లో ఎంతమంది తలో చెయ్యి వేశారో తలుచుకుంటే, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి థాంక్స్ చెప్పి ఊరుకోవడం నాకు తృప్తిగా అనిపించలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

జున్ను ఎక్కడ పుట్టిందో, వయసెంతో, ఎప్పుడైనా సూది పడిందో లేదో మాకెవరికీ తెలియదు. జున్నుముక్క రంగులో ఉందని పిల్లలు పెట్టిన పేరు అది. పొద్దున్నే స్కూలుకి వెళ్లే పిల్లలంతా దాని తల నిమిరే వెళ్తారు. మా తొమ్మిదేళ్ల అబ్బాయి అయితే దాని మూతికి మూతి ఆనించి మాట్లాడతాడు. అది చూసినప్పుడల్లా నాకు గుండెల్లో గుబులు. జూన్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి ఫోన్ చేస్తే, పాత కార్డు లేని వీధికుక్కని తీసుకురావద్దన్నారు. ఆ మాటకి నిజంగా బాధేసింది.

ఏటా జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారని పేపర్ వేసే తమ్ముడు చెప్పాడు. తమ్ముడూ, ఆ ఒక్క మాటతోనే ఇదంతా కదిలింది.

ఆ రోజు పొద్దున మెడకి తాడు వేయబోతే జున్ను బెదిరి తల విదిలించింది. పన్ను నా మణికట్టుకి గీరుకుంది. రక్తం రాలేదు, సన్నటి ఎర్ర గీత పడిందంతే. తుడిచేసుకుని బయల్దేరబోతుంటే ఎదురింటి నర్సమ్మగారు చూశారు. రిటైరై పదేళ్లయినా ఆవిడ చూపు అలాగే ఉంది. చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, సబ్బు రుద్ది, గడియారం చూస్తూ పావుగంట కడిగించారు. "మంచి కుక్కేనమ్మా, కాదనను. కానీ దానికి ఇంతకుముందు ఏమైందో నీకు తెలుసా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే తోడొచ్చి ప్రభుత్వాసుపత్రిలో నాకు రేబిస్ టీకా మొదటి డోసు వేయించారు. అది మొదలు మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని వాళ్లింటి క్యాలెండర్‌లో సున్నాలు చుట్టి మరీ గుర్తు చేశారు. అమ్మా, ఆ రోజు మీరు లేకపోతే "చిన్న గీతే కదా" అని నేను వదిలేసేదాన్ని. ఈ మేలు మరిచిపోలేను.

కుక్కంటే మూడు ఆటోలు ఆగి వెళ్లిపోయాయి. నాలుగో ఆటో అన్న ఏమీ అడక్కుండా వెనక గోనెసంచి పరిచాడు. ఆ రోజుతో కలిపి నాలుగుసార్లు తీసుకెళ్లాడు. ఒక్కసారి కూడా డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు పశువైద్యశాల డాక్టరుగారి సంగతి చెప్పాలి. ఆవిడ సూది తీయలేదు, ముందు ప్రశ్నలు అడిగారు. ఎప్పటి నుంచి ఉంది? పిల్లలు పెట్టిందా? ఈమధ్య వేరే కుక్క ఏదైనా కరిచిందా? తిండి, నడక, అరుపు ఏమైనా మారాయా? నాకు సగం తెలియవు. ఆవిడ విసుక్కోకుండా, "తెలిసినవాళ్లకి ఫోన్ చెయ్యండి, కూర్చోండి" అన్నారు. బయట అంత లైనున్నా సరే. ఫోన్ స్పీకర్‌లో పెడితే ఒక్కొక్కరూ ఒక్కో ముక్క అందించారు. రెండు సంక్రాంతుల కింద మార్కెట్ వైపు నుంచి వచ్చిందని టిఫిన్ బండి అక్క చెప్పింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఈనలేదని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తాతగారు చెప్పారు. ఒకసారి మున్సిపాలిటీ వ్యాన్ పట్టుకెళ్తే వారం తర్వాత మళ్లీ కనబడిందని పేపర్ తమ్ముడు చెప్పాడు. ఎవరికీ తెలియదనుకున్న జున్ను కథ, అక్కడక్కడా చెదిరిపోయి మన వీధిలోనే ఉంది.

అది వినగానే డాక్టరుగారు జున్ను చెవి వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులోకి తిప్పారు. అంచు దగ్గర చిన్న ముక్క లేదు. ఏదో కొట్లాటలో చిరిగి ఉంటుందని మేమంతా ఎప్పుడూ అనుకునేవాళ్లం. "ఇది కొరుకుడు కాదమ్మా, కత్తెర. చూడు, అంచు ఎంత తిన్నగా ఉందో" అన్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదిలేటప్పుడు గుర్తుగా చెవికి అలా కోత పెడతారట. మరి టీకా పడినట్టే కదా అని నేను సంతోషపడితే ఆవిడ నెమ్మదిగా చెప్పారు: "అప్పుడు పడింది. ఏడాదికోసారి మళ్లీ వేయాలి. ఆ తర్వాత వేశారని చెప్పేవాళ్లు లేరు. తెలియనప్పుడు వేయలేదనే లెక్క. ఇదివరకు వేసి ఉన్నా ఇంకోటి వేస్తే దానికేమీ కాదు." ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. వైరస్ ముందే ఒంట్లోకి వెళ్లి ఉంటే ఇప్పుడు వేసే టీకా దాన్ని ఆపలేదని, నన్ను గీరింది కాబట్టి పది రోజులు కట్టేసి బాగా గమనించమని, దాని టీకా దానిదే, నా సూదులు నావేనని. ఆ పది రోజులూ నాకు టెన్షనే. వాచ్‌మన్ తాతగారు సెల్లార్‌లో చోటిచ్చి, రాత్రి లేచి కూడా చూసేవారు.

ఆ రోజు మాత్రం టీకా పడలేదు. థర్మామీటర్ పెడితే 104 ఉంది. కుక్కలకి 102 దాకా మామూలే, ఇది జ్వరమే అన్నారు. కాలివేళ్ల సందుల్లో, చెవి లోపల గోమార్లు మినపగింజల్లా పట్టి ఉన్నాయి. పెదవి పైకెత్తితే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. జ్వరం ఉన్న ఒంటికి టీకా వేయనని చెప్పి రక్తపరీక్ష చేయించారు. గోమార్ల జ్వరమని తేలింది. మా అబ్బాయికి ఏడుపొచ్చేసింది. డాక్టరుగారు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, 1885లో ఇదే జులై 6న లూయీ పాశ్చర్ రేబిస్ టీకా మొదటిసారి వేయించింది జోసెఫ్ మైస్టర్ అనే పిల్లాడికని, వాడికీ అప్పుడు తొమ్మిదేళ్లేనని చెప్పారు. మావాడు ఇప్పటికీ ఆ పేరు తలుస్తూనే ఉంటాడు.

డాక్సీసైక్లిన్ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులు వేయాలి. పెరుగన్నంలో కలపొద్దు, పాలూ పెరుగూ ఆ మందుని ఒంటికి పట్టనివ్వవు అన్నారు. పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టని కుక్క అది! టిఫిన్ బండి అక్కే దారి కనిపెట్టింది. వేడి ఇడ్లీని రెండుగా చీల్చి, మధ్యలో మాత్ర పెట్టి, కోడి ఉడికించిన నీళ్లలో ముంచి ఉండ చేసేది. ముందు ఉత్త ఉండ, తర్వాత మాత్రున్న ఉండ, వెంటనే మళ్లీ ఉత్తది. పొద్దున అంత గిరాకీలోనూ, "ఆగండి బాబూ, జున్నుకి మందేళయింది" అని చట్నీ గరిటె పక్కన పెట్టేది. అక్కా, ఒక్క పూట కూడా తప్పలేదు. నీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

ఆగస్టు నాటికి చిగుళ్లు ఎర్రబడ్డాయి. పద్నాలుగు కిలోల బరువుకి ఒకటిన్నర నులిపురుగుల మాత్ర వేసి, పది రోజులు ఆగి, రేబిస్ సూదీ, దాంతోపాటు కుక్కలకి వచ్చే డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులు, ఎలుక జ్వరం వగైరాలకి కలిపి వేసే టీకా మొదటి డోసూ వేశారు. ఈ రెండోది బయట కొనాలి. రెండు డోసుల డబ్బూ ఇచ్చింది మా పక్క వీధి మాస్టారు. కుక్కలకి అన్నం పెట్టొద్దని మాతో గట్టిగా వాదించింది ఆయనే. ఆయన మనవరాలిని ఒకప్పుడు ఏదో కుక్క కరిచిందట, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. "టీకా వేయిస్తానంటే నా వంతు నేనిస్తాను" అన్నారు. మాస్టారూ, మీకు నమస్కారాలు. మెడికల్ షాపు తమ్ముడు ఆ మందుని ఐస్ ప్యాకుల మధ్య పెట్టి, "దారిలో ఎక్కడా ఆగకండి, చల్లదనం పోతే పనికిరాదు" అని రెండుసార్లు చెప్పి పంపాడు. జున్ను మూతికి మెత్తటి గుడ్డ కట్టి పట్టుకున్న అటెండర్ బాబాయికి, సూది తర్వాత మొహం వాస్తుందేమోనని అరగంట వేపచెట్టు కింద మాతో కూర్చున్నందుకు కూడా ధన్యవాదాలు.

నిన్న రెండో డోసు అయ్యాక డాక్టరుగారు కార్డు రాశారు. యజమాని పేరు దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశారు. వీధి పేరు చెప్పాను, అదే రాశారు.

కార్డు టిఫిన్ బండి అక్క దగ్గర గల్లాపెట్టెలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. రెండు టీకాలూ మళ్లీ వచ్చే ఆగస్టులో వేయించాలి. నేను ఊళ్లో లేకపోతే నర్సమ్మగారి క్యాలెండర్‌లో సున్నా ఉంటుంది.