తిరిగి ఇస్తానన్నా తీసుకోని పుస్తకం

సంపాదకులకు,

అయ్యా,

నాకు పాత పుస్తకాల పిచ్చి. మా బందరు గురించో, ఈ రేవుకొచ్చిన ఓడల గురించో రాసినవైతే మరీనూ. కిందటేడు హైదరాబాదు ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్, అంటే బ్రిటిషు కాలంలో జిల్లా వివరాలన్నీ కూర్చిన పుస్తకం, కనబడింది. 1883లో మద్రాసులో అచ్చయిన ప్రతి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చి, సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్న బందరు ఉప్పెన సంగతులున్న పుస్తకం. బేరమాడి 1,200కి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చి విప్పితే లోపల ఓ గ్రంథాలయం ముద్ర! గ్రంథాలయం లెక్కలోంచి తీసేసినట్టు ఎక్కడా రాసి లేదు. తూకానికి అమ్మేశారో, ఎవరైనా చంకన పెట్టుకుపోయారో మరి. మడత పటం ఉండాల్సిన చోట చింపిన అంచు మాత్రం మిగిలింది. పటాలను విడిగా ఫ్రేము కట్టి అమ్ముకునేవాళ్లున్నారు లెండి.

మనసొప్పక ఆ గ్రంథాలయానికే తీసుకెళ్లాను. అప్పటి రిజిస్టరు లేదన్నారు. "మళ్లీ ఎంట్రీ వేస్తే ఆడిట్‌తో టెన్షన్ సార్, మీ దగ్గరే ఉంచేసుకోండి" అని మర్యాదగానే పంపించేశారు.

ఈ తీరం గురించి ఇంతకంటే పాత పుస్తకాలూ ఉన్నాయి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకుడిగా ఇక్కడున్న మెథోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసింది 1626లో లండన్‌లో అచ్చయింది. డచ్చి కంపెనీ కొలువులో ఈ తీరంలో ఉన్న హావర్ట్ పుస్తకం 1693లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చింది. అసలు ప్రతులు కొనే తాహతు నాకెలాగూ లేదు. వాటికొచ్చిన భయమూ లేదు. గుడ్డపీలికల కాగితం గట్టిది, విదేశీ లైబ్రరీలు భద్రంగా దాచుకున్నాయి. నా దిగులంతా ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు మన దగ్గర చెక్కగుజ్జు కాగితం మీద అచ్చయిన చిన్నాచితకా పుస్తకాల గురించే. ఊళ్ల చరిత్రలు, రేవు నిబంధనలు, బడిపిల్లల భూగోళాలు. ఈ ఉప్పుగాలికి వాటి పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి. మాన్యువల్ లాంటిదైతే ఎక్కడో ఇంకో ప్రతి దొరుకుతుంది. వీటిలో కొన్నింటికి మన బీరువాలో ఉన్నదే ఆఖరి ప్రతి కావచ్చు.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కాబట్టి గ్రంథాలయాలవాళ్లను అడిగే హక్కుంది. పాత పుస్తకాలు తీసేసే ముందు, 1947కి ముందు అచ్చయిన వాటి జాబితా ఒక నెలపాటు నోటీసు బోర్డు మీద పెట్టండి. స్కాన్ చేయకుండా ఒక్కటీ బయటికి పంపొద్దు. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను దాచబట్టే కదా, ఎక్కడెక్కడి పరిశోధకులూ వెతుక్కుంటూ అక్కడికి వెళ్తున్నారు!

ఆ మాన్యువల్ ఇచ్చేయడానికి నేను ఇప్పటికీ సిద్ధమే. 1,200 అక్కర్లేదు, రసీదు ఇస్తే చాలు.

– ఒక పాఠకుడు, మచిలీపట్నం