వదిలేసిన బంతి

ఒరేయ్ మావా,

నీ వాయిస్ మెసేజ్‌లు మూడూ విన్నాను. ఫోన్‌లో జవాబు చెబితే మధ్యలో దూరిపోయి నీ క్రికెట్ మొదలుపెడతావు, అందుకే ఈసారి ఉత్తరం. బయట మంచు, ఆఫీసుకి సెలవులు, పిల్లలు పడుకున్నారు. ముందు ఇది చెప్పు, అమ్మగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వ్యాయామం చేస్తున్నారా, లేక నీలాగే ఆవిడా "రేపటి నుంచి" అంటున్నారా?

సరే, నువ్వడిగిన దానికి వస్తాను. మా అమెరికా బేస్‌బాల్‌కి కూడా డీఆర్ఎస్, అదే అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసే పద్ధతి, వస్తోందన్న మాట నిజమే. 2025 సెప్టెంబర్‌లో ఒప్పుకున్నారు, 2026 సీజన్ నుంచి అమలు. నువ్వేమో "ఇన్నాళ్ళూ లేకుండా ఎలా ఆడార్రా" అని నవ్వావు. ఎలా ఆడారంటే, తిట్టుకుంటూ ఆడారు. ఆ తిట్టడంలో నేనూ ఏడేళ్ళుగా ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

హోమ్ ప్లేట్ అని ఒక తెల్ల పలక ఉంటుంది, వెడల్పు 17 అంగుళాలు. మనింట్లో భోజనాలకి వేసుకునే పీటంత అనుకో. బంతి ఆ పీట మీదుగా, బ్యాటర్ మోకాలి చిప్ప కింద నుంచి సుమారు ఛాతీ దాకా ఉన్న ఎత్తులో వెళితే అది స్ట్రైక్ జోన్. అందులో పడిన బంతిని వదిలేస్తే స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే ఔట్. బయట పడితే "బాల్", మన వైడ్ లాంటిది, నాలుగైతే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి నడిచిపోతాడు. గాల్లో ఉన్న ఆ పెట్టెకి గోడలు లేవు కదా. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్, మన వికెట్ కీపర్ లాంటివాడు, ఉంటాడు. అతని వెనకాల వంగి నిలబడ్డ అంపైర్, గంటకి 95 మైళ్ళ వేగంతో అర సెకను కూడా పట్టకుండా వచ్చే బంతి లోపలా బయటా అని చెప్పాలి. పైగా ఆ క్యాచర్ మహా గడుసువాడు. బయట పట్టిన బంతిని గ్లవ్‌తో మెల్లగా లోపలికి జరిపి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు. దాన్నొక విద్యగా నేర్పిస్తారు, జీతాలు కూడా ఆ లెక్కనే పెంచుతారు!

నేను బాల్టిమోర్ వచ్చిన కొత్తలో, 2018లో, ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన నన్ను ఇక్కడి స్టేడియం క్యామ్‌డెన్ యార్డ్స్‌కి లాక్కెళ్ళాడు. ఆ ఏడాది మా ఊరి జట్టు ఓరియోల్స్ 162 మ్యాచ్‌లాడి 115 ఓడిపోయారు. టికెట్ చవక అని వెళ్ళి ఇరుక్కున్నాను. ఆ పెద్దాయన అంపైర్ల గురించి ఒకే మాట అనేవాడు: జోన్‌ని వెడల్పుగా చూసినా ఫరవాలేదు, ఇరుగ్గా చూసినా ఫరవాలేదు, మొదటి ఇన్నింగ్స్‌లో ఏది స్ట్రైకో తొమ్మిదో ఇన్నింగ్స్‌లోనూ అదే స్ట్రైక్ అవ్వాలి అని. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. కూరలో ఉప్పెక్కువైతే, రోజూ అంతే వేస్తున్నారు కదా అని తింటామా? తప్పు తప్పే, మాటిమాటికీ అదే చేస్తే రైటైపోదు అని నా వాదన. ఆయన నవ్వి, నువ్వు కంప్యూటర్ల వాడివి, నీకలాగే ఉంటుంది అనేవాడు.

మా వాదన అంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగేది. క్రిస్ డేవిస్. మా ఓరియోల్స్ ఎడమచేతి బ్యాటర్, భారీ మనిషి. 2013లో 53 హోమ్ రన్లు, మన సిక్సర్ల లాంటివి, కొట్టాడు. 2016లో ఏడేళ్ళకి 161 మిలియన్ డాలర్ల ఒప్పందం ఇచ్చారు. అందులో కొంత 2037 దాకా వాయిదాల్లో వస్తూనే ఉంటుంది, మన ఎల్ఐసీ పాలసీలా. అంతే, ఆ తర్వాత మనిషి ఏమయ్యాడో ఎవరికీ అర్థం కాలేదు. 2018లో అతని సగటు .168, అంటే వెయ్యి ప్రయత్నాలకి 168 హిట్లు (బంతి కొట్టి బేస్ చేరుకోవడం) చొప్పున. సీజన్ పొడుగునా ఆడిన బ్యాటర్లలో అంత తక్కువ అంతకుముందు ఎవరికీ లేదు. ఆ సెప్టెంబర్ మధ్యలో ఒక హిట్ కొట్టాడు. మళ్ళీ కొట్టింది ఏడు నెలలకి. మధ్యలో చలికాలం సెలవులున్నాయిలే, అయినా 54 సార్లు వరసగా సున్నా. అంతకుముందు రికార్డు 46.

ఆ రికార్డు దాటిన రోజు, 2019 ఏప్రిల్ 8న, నేను స్టేడియంలోనే ఉన్నాను. సోమవారం రాత్రి, చలి, నలభై అయిదు వేల మంది పట్టే చోట ఆరున్నర వేల మంది. ఖాళీ కుర్చీల మధ్య ఎవరు తిట్టినా అందరికీ వినపడుతోంది. నేను మాత్రం డేవిస్‌ని తిట్టలేదు, అంపైర్‌ని తిట్టాను. ఎందుకంటే ఎడమచేతి వాళ్ళకి జోన్ బయటి వైపు ఒకటి రెండు అంగుళాలు జరిగిపోతుందన్నది ఏళ్ళ తరబడి కొలతల్లో తేలిన సంగతి. ఆ అంచున పడ్డ బంతిని ఇతను వదిలేస్తాడు, బ్యాట్ భుజం మీదే ఉంటుంది, అంపైర్ చెయ్యి లేస్తుంది. మారు మాట్లాడకుండా తల దించుకుని నడిచి వెళ్ళిపోయేవాడు. ఆ నడక చూస్తే నాకు కడుపులో దేవేది. మనం ఇంజనీరింగ్‌లో మ్యాథ్స్ సప్లీ రాసి బయటికొచ్చిన నడక గుర్తుందా, అదే.

నా వాదనలో ఓ బొక్క ఉంది, అది పెద్దాయనే పట్టుకున్నాడు. బ్యాటర్ మీద రెండు స్ట్రైకులు పడి ఒక్క బాల్ కూడా రాకపోతే అంపైర్ల జోన్ చిన్నదవుతుందట. మూడు బాల్స్ వచ్చి ఒక్క స్ట్రైక్ కూడా లేకపోతే పెద్దదవుతుందట. వెనకబడ్డవాడి మీద తెలియకుండానే జాలి. ఇదీ లెక్కల్లో దొరికినదే. అంటే మావా, డేవిస్‌కి అంపైర్ చేసిన అన్యాయమూ ఉంది, పెట్టిన గ్రేస్ మార్కులూ ఉన్నాయి. జోన్‌ని లేజర్‌తో గీసినా ఆ 54 సున్నాలు యాభై అయ్యేవేమో గానీ పది అయ్యేవి కావు. ఒప్పుకోడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఏప్రిల్ 13న బోస్టన్‌లో తీరింది గండం. మొదటి ఇన్నింగ్స్‌లోనే కుడివైపుకి ఒక సింగిల్, రెండు పరుగులు. ఆ బంతి నాకిమ్మని నవ్వుతూ అడిగి దాచుకున్నాడు. నేను టీవీ ముందు గంతులేస్తుంటే మా ఆవిడ ఎవరికి పెళ్ళి కుదిరిందని అడిగింది. ఆ సంతోషం నిలవలేదులే, ఆ ఏడాదీ .179, 2021లో రిటైరైపోయాడు.

ఇప్పుడు కొత్త పద్ధతి చెబుతాను, విను. అంపైర్ మామూలుగానే స్ట్రైకో బాలో చెబుతాడు. నచ్చకపోతే బ్యాటరో, బంతి విసిరే పిచ్చరో, క్యాచరో వెంటనే తల మీద తట్టుకోవాలి. డగౌట్ నుంచి, అంటే టీము కూర్చునే చోటు నుంచి, సైగలు చెయ్యకూడదు. కెమెరాలు గీసిన జోన్ తెర మీద పడుతుంది, పదిహేను సెకన్లలో తేలిపోతుంది. టీముకి రెండు సవాళ్ళు. గెలిస్తే మిగులుతుంది, ఓడితే పోతుంది. ఆటగాళ్ళని బూట్లు విప్పించి ఎత్తు కొలుస్తారు, జోన్ పై అంచు ఆ ఎత్తులో 53.5 శాతం, కింది అంచు 27 శాతం. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత పక్కాగా కొలవరు. 2025 వసంతంలో పరీక్షించి చూస్తే సవాళ్ళలో సగానికి కాస్త పైగా నెగ్గాయి. అంటే అంపైరే కాదు, ఆడేవాడి కన్నూ సగం సార్లు మోసం చేస్తోంది.

పెద్దాయన రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. మొన్న ఫోన్ చేసి, నీ కంప్యూటర్ గెలిచిందిగా అన్నాడు. గెలిచిందనే అన్నాను. పెట్టేశాక ఆలోచన డేవిస్ మీదికి పోయింది. ఈ పద్ధతి అప్పుడే ఉండుంటే అతను తల తట్టుకునేవాడా? 47 సున్నాల మీద ఉన్నవాడు, సొంత జనమే వెక్కిరిస్తున్నవాడు, టీముకున్న రెండింటిలో ఒకటి నా కోసం వాడండి అని అడగగలడా? బంతి బయట పడిందని తెలిసినా, నా కన్నే తప్పేమో అనుకుని నడిచి వెళ్ళిపోయేవాడని నా అనుమానం. ఫామ్‌లో ఉన్నవాడు ఇట్టే తట్టుకుంటాడు, ఓడినా ఎవరూ ఏమీ అనరు. డీఆర్ఎస్‌లో మనం చూడలేదా? సీనియర్ అడ్డంగా దొరికినా రివ్యూ అంటాడు, కొత్త కుర్రాడు అవతలివాడి మొహం చూస్తాడు.

అన్నట్టు నువ్వు 2023 మార్చిలో మన వైజాగ్ వన్డేకి వెళ్ళావు కదా, మనవాళ్ళు 117కి ఆలౌటైతే ఆస్ట్రేలియా 11 ఓవర్లలో కొట్టేసిన మ్యాచ్. టికెట్ డబ్బులు దండగ అని నాకు రాత్రంతా ఫోన్‌లో ఏడ్చావు. సూర్యకుమార్ ఆ సిరీస్‌లో మూడు మ్యాచుల్లోనూ మొదటి బంతికే పోయాడు, రెండోది నీ కళ్ళముందే, స్టార్క్ బంతికి ఎల్బీ. నేను హైలైట్స్ మాత్రమే చూశాను, వాటిలో వేలు లేవగానే కట్ చేసేస్తారు. నువ్వు స్టాండ్‌లో ఉన్నావు. అతను రివ్యూ అడగాలా అని ఒక్క క్షణమైనా అవతలి ఎండ్‌లో ఉన్న కోహ్లీ వైపు చూశాడా? గుర్తు తెచ్చుకుని రాయి. వాయిస్ మెసేజ్ పెట్టకు, రాయి.

నీ
పాత రూమ్మేట్